సూర్యుణ్ణి చూడ్డానికి గ్రహణమే రావాలా?

గ్రహణం రోజున మన బడుల్లో హడావిడి అంతా ఇంతా కాదు. నల్ల కళ్లద్దాలు పంచుతారు, పత్రికలకు ఫొటోలు దిగుతారు, మర్నాటికి అంతా మర్చిపోతారు.

ఈ మరుపు తెలుగు నేలకు తగదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం కోసం ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పియెర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యబింబం అంచున ఎగసే ఎర్రటి జ్వాలలను వర్ణపటదర్శినిలో చూశాడు. వాటి గీతల మెరుపు చూసి, గ్రహణం లేకున్నా ఇవి దొరుకుతాయనుకున్నాడు. మర్నాడు పట్టపగలే చూశాడు, ఆపై 17 రోజుల పాటు చూస్తూనే ఉన్నాడు. గుంటూరులో హీలియం దొరికిందని గొప్పగా చెప్పుకుంటాం గానీ, సూర్యజ్వాలల వర్ణపటంలోని పసుపు గీత కొత్త మూలకానిదని ఊహించింది ఇంగ్లండులోని నార్మన్ లాక్యర్. మామూలు రోజున సూర్యజ్వాలలను చూసే పద్ధతి మొదట ఫలించిన చోటుగా గుంటూరుకు పేరు రావాలి. నేటి ఔత్సాహికుల హైడ్రోజన్-ఆల్ఫా టెలిస్కోపుకు మూలం అక్కడే ఉంది.

ఆ టెలిస్కోపు ఖరీదైనది. సూర్యుడి మచ్చలను ఫొటో తీయడానికి అది అక్కర్లేదు. 60 నుంచి 100 మి.మీ. టెలిస్కోపు, సౌర ఫిల్టరు, సెల్‌ఫోను చాలు. ఫిల్టరు కాంతిని లక్షలో ఒక వంతుకు తగ్గించాలి, టెలిస్కోపు ముందు వైపే బిగించాలి. ఐపీస్‌కు తగిలించే నల్లగాజు వేడికి పగలొచ్చు. ఎక్స్‌రే ఫిల్ము అసలే వద్దు.

జంగారెడ్డిగూడెం లాంటి మెట్ట ఊళ్లో అసలు చిక్కు గాలితోనే. పొద్దెక్కేకొద్దీ డాబాలు, తారురోడ్లు, దున్నిన చేలు కాగి వేడిగాలి పైకి లేస్తుంది. టెలిస్కోపులో బింబం అంచు ఎసరులా మరుగుతుంది. దీనికి తోడు చలికాలం పొద్దుట మంచు, పొగాకు బ్యారన్లు కాలే రోజుల్లో పొగ, వానాకాలం మబ్బు. సూర్యుడు కాస్త పైకొచ్చి, నేల ఇంకా కాగని ఆ గంటా రెండు గంటలే దక్కేవి.

ఉదయపూర్ సౌర వేధశాలను ఫతేసాగర్ సరస్సు మధ్య దీవిలో కట్టింది ఇందుకే. నీరు నేలంత త్వరగా వేడెక్కదు. జంగారెడ్డిగూడేనికి ఎర్రకాలువ జలాశయం దగ్గరే ఉంది. పెద్దవాళ్ల తోడుతో, నీళ్లు తూర్పున ఉండేలా గట్టున నిలబడితే సరి. అంతదూరం వెళ్లలేకపోతే బడి ఆవరణలోని పచ్చగడ్డి కూడా సిమెంటు డాబా కన్నా నయం.

అప్పుడూ గాలి పూర్తిగా కుదురుకోదు. అందుకే ఒక్క ఫొటో కాదు, వీడియో తీస్తారు. వేల ఫ్రేముల్లో గాలి క్షణకాలం నిలిచినప్పుడు పడినవి ఏరి, ఒకదానిపై ఒకటి పేర్చి ఒకే చిత్రం చేస్తారు. ఆటోస్టాకర్ట్ వంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ఇది మోసం కాదు, ఉన్నదాన్ని ఏరుకోవడం. తర్వాత పదును మరీ పెంచితే మాత్రం సూర్యుడి మీద లేని గీతలు పుట్టుకొస్తాయి. మెచ్చుకోళ్లు అందుకునే ఫొటోల్లోనూ అవి తక్కువేం కాదు.

శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్లిన ఆదిత్య ఎల్-1కు ఈ గాలి బెడద లేదు. అది పంపే చిత్రాలుండగా మనకెందుకంటారా? నిన్నటి మచ్చ ఇవాళ ఎంత జరిగిందో సొంతంగా కొలిచిన పిల్లకు సూర్యుడు తిరుగుతాడని ఎవరూ చెప్పనక్కర్లేదు.

మచ్చలు పెరిగి తగ్గే సూర్యచక్రం గరిష్ఠ దశకు చేరిందని నాసా 2024 అక్టోబరులో ప్రకటించింది. ఇక మచ్చలు క్రమంగా తగ్గుతాయి, మరికొన్నేళ్లకు బింబం బోసిగా కనిపించే రోజులూ వస్తాయి. బడి బీరువాలో టెలిస్కోపు ఉన్న మాస్టార్లు గ్రహణం కోసం కాచుకోకుండా, ఫిల్టరు తెప్పించి ఈ ఏడే దాన్ని బయటకు తీయాలి.