మూతపడ్డ టాకీసులకు దారి చూపండి

గౌరవనీయులైన పురపాలక శాఖ మంత్రిగారికి,

విజయవాడలో 1921లో మారుతి సినిమా హాలు మొదలైంది. ఆ తర్వాత ఊరూరా వెలిసిన టాకీసుల్లో ఎన్నో ఇప్పుడు తాళాలు పడి ఉన్నాయి. కొన్ని కల్యాణ మండపాలయ్యాయి, కొన్ని గోడౌన్లు. మారడం తప్పు కాదు. ఊరి నడిబొడ్డున అంత జాగా పాడుబడటమే అన్యాయం. మధ్యలో స్తంభాలు లేని ఆ విశాలమైన హాలు సూపర్ మార్కెట్‌కైనా, షటిల్ కోర్టుకైనా చక్కగా సరిపోతుంది.

నా భయమల్లా భద్రత గురించే. జనం కూర్చోవడానికి కట్టిన బాల్కనీ మీద బస్తాలు పేరిస్తే? బయటికి వెళ్లే తలుపులకు సరుకు అడ్డుపెడితే? ఇంజినీరు తనిఖీ, అగ్నిమాపక అనుమతి, వినియోగ మార్పు మూడూ ఒకే దరఖాస్తుతో, గడువులోగా తేలేలా ఉత్తర్వు ఇవ్వండి. కూల్చకుండా బాగుచేసుకునే యజమానికి కొన్నేళ్లపాటు ఆస్తి పన్ను తగ్గించండి.

ఇట్లు,
ఒక పట్టణవాసి