మాటల్లేని సినిమా... వినాల్సిందే!

సినిమా హాలు పక్కనే నిరుద్యోగి గది. రాత్రయితే ఫైటింగుల మోత. తాగి పడిపోయిన ధనవంతుడి తాళంచెవి దొరకడంతో స్టార్ హోటల్‌కు మకాం మారుస్తాడు. మెత్తటి పరుపున్నా నిద్రపట్టదు! చివరికి ఆ మోతనే టేపులో రికార్డు చేసుకొచ్చి, వింటూ హాయిగా నిద్రపోతాడు.

1987లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘పుష్పక విమానం’లోని సన్నివేశమిది. కమల్‌హాసన్‌తో సహా ఏ పాత్రా మాట్లాడదు. ఎల్.వైద్యనాథన్ సంగీతం, చుట్టుపక్కల చప్పుళ్లే కథ చెబుతాయి. తెరమీద పట్టుపరుపు, చెవిలో పాత గది. రెండూ కలిస్తేనే నవ్వు. ఆ నవ్వు వెనకే దిగులు... గది మారినా మనిషి మారలేదుగా!

ధర్పల్లి లాంటి ఊళ్లలో టూరింగ్ టాకీసు బయట కూర్చుని సినిమా ‘విన్న’ పెద్దలకిది కొత్తకాదు. మాటల్లేవు కదాని టీవీ సౌండు తీసేసి చూడండి. సగం కథ మాయం!