మోసగాడి పాత్ర మనమెందుకు తయారు చేసుకోవాలి?



ఆదివారం మధ్యాహ్నం హాస్టల్లో మేం ఐదుగురం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుకుంటామని మీలో కొందరికి తెలుసు. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట ఇది. ఒకరు కథ నడిపిస్తారు, వాళ్లని డంజన్ మాస్టర్ అంటారు. మిగిలినవాళ్లం తలా ఒక పాత్ర పట్టుకుని ఏం చేస్తామో నోటితో చెప్తాం. పని అవుతుందో కాదో అనుమానం ఉన్న చోట ఇరవై ముఖాల పాచిక వేస్తాం. ఐదో ఎడిషన్ బేసిక్ రూల్స్ ఉచితంగానే దొరుకుతాయి, ఫోన్లో చదువుకుంటే చాలు.

పోయిన నెల మాలో ఒకడు అబద్ధాలతో బతికే పాత్ర తయారు చేశాడు. అది చూసి పక్క రూం అన్న ఒకాయన కోపంగా అన్నాడు: "మనోళ్లని తరతరాలుగా మోసం చేసింది చాలలేదా? ఇప్పుడు మీరు కూడా అదే నేర్చుకుంటున్నారా?" నవ్వి ఊరుకోలేకపోయాం. వారం రోజులు ఆ మాట మీదే మాట్లాడుకున్నాం. చివరికి మేం అనుకున్నది ఇది: ఆ పాత్ర తయారు చేయాల్సిందే, కాకపోతే సరిగ్గా తయారు చేయాలి.

మొదటిసారి మేం సరిగ్గా చేయలేదు. మావాడి పాత్ర కనిపించిన ప్రతివాడికీ అబద్ధం చెప్పింది. తోటి పాత్రల సంచుల్లో డబ్బు కూడా కొట్టేసింది. ఆట ఆగిపోయింది, ఒకే రూంలో ఉండే ఇద్దరు నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. అప్పుడే మొదటి నియమం పెట్టుకున్నాం. అబద్ధం కథలోని శత్రువుకే. పక్కన కూర్చున్నవాడికి కాదు, మన జట్టుకి అసలే కాదు. ఏం చేయబోతున్నామో డంజన్ మాస్టర్‌కి ముందే చెప్పాలి.

ఇక పాత్ర కట్టే పద్ధతి. 2014 రూల్స్ ప్రకారం మేం మనిషి జాతి, రోగ్ క్లాస్ తీసుకున్నాం. ఆరు గుణాలకి పంచుకోవడానికి 15, 14, 13, 12, 10, 8 అంకెలు ఇస్తారు. చాలామంది రోగ్ అనగానే 15ని చురుకుదనానికి, అంటే డెక్స్టెరిటీకి పెట్టేస్తారు. మేం దాన్ని చారిస్మాకి పెట్టాం. డెక్స్టెరిటీకి 14, విజ్డమ్‌కి 13. మనిషికి అన్ని గుణాల్లో ఒక్కొక్కటి కలుస్తుంది కాబట్టి చారిస్మా 16 అయింది, దానికి +3. క్రిమినల్ నేపథ్యం తీసుకుంటే డిసెప్షన్ నైపుణ్యం వస్తుంది. మొదటి లెవెల్లో నైపుణ్యానికి +2. రోగ్‌కి ఎక్స్‌పర్టైజ్ ఉంది, రెండు నైపుణ్యాల్లో ఆ +2 రెట్టింపై +4 అవుతుంది. ఒకటి డిసెప్షన్‌కి పెడితే మొత్తం +7. మొదటి రోజుకి అది చాలా పెద్ద అంకె.

అయినా ఆ +7ని నమ్ముకుని నోరు పారేసుకోకూడదు. మన డిసెప్షన్‌కి ఎదుటివాడి ఇన్‌సైట్ పోటీ. ఏ బలమూ లేని మామూలు మనిషితో ఇద్దరూ పాచిక వేస్తే మొత్తం 400 జతలు వస్తాయి. మేం నోట్‌బుక్‌లో లెక్కేశాం. అందులో 309 జతల్లో మనం గెలుస్తాం. అంటే నాలుగు అబద్ధాల్లో దాదాపు ఒకటి దొరికిపోతుంది. ఎదుటివాడికి ఇన్‌సైట్ +5 ఉంటే గెలిచేవి 229కి పడిపోతాయి. వరసగా నాలుగు అబద్ధాలు చెప్పే పాత్ర ఎప్పుడో ఒకప్పుడు దొరకాల్సిందే. అందుకే మంచి మోసగాడు ఎక్కువ అబద్ధాలు చెప్పడు. ఒక్కటే ఎంచుకుంటాడు. దాని చుట్టూ నిజాలు పేరుస్తాడు. ఎదుటివాడికి ఏం వినాలని ఉందో అదే వినిపిస్తాడు. తప్పించుకునే దారి ముందే చూసుకుంటాడు.

ఇది రాస్తున్నప్పుడే మాకు ఒళ్లు జలదరించింది. ఇది మనకి తెలిసిన మనిషే కదా! షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారకూడదని 1/70 చట్టం చెప్తుంది. అయినా బినామీ పేర్లతో ఎలా మారిందో ఊళ్లో పెద్దవాళ్లు చెప్తూనే ఉంటారు. అక్కడ వాడింది కత్తి కాదు. సగం నిజం, ఒక కాగితం, తీపి మాట. మొన్న మా జూనియర్‌కి "మీ స్కాలర్‌షిప్ ఆగిపోయింది" అని ఫోన్ వచ్చింది. వాడి పేరు, కాలేజీ పేరు కరెక్టుగా చెప్పారు. ఓటీపీ అడిగారు. 1,800 పోయాయి. ఆ రెండు నిజాలు లేకపోతే వాడు ఫోన్ పెట్టేసేవాడే.

అందుకే మా రెండో ఎక్స్‌పర్టైజ్ స్టెల్త్‌కి పెట్టలేదు, ఇన్‌సైట్‌కి పెట్టాం. విజ్డమ్ 14కి +2, ఎక్స్‌పర్టైజ్‌కి +4, మొత్తం +6. నక్కి నడవడం తర్వాతైనా నేర్చుకోవచ్చు. అబద్ధం చెప్పేవాడికి ఎదుటివాడి అబద్ధం వినపడకపోతే ఆ పాత్ర సగమే తయారైనట్టు.

పేపర్లలో మన గురించి రాసేటప్పుడు "అమాయక గిరిజనులు" అంటారు. జాలితోనే రాస్తారు కావచ్చు. కానీ ఆ మాట వింటే తప్పంతా మన తెలివిదే అన్నట్టుంటుంది. ఉచ్చు పన్ని వేటాడిన తాతలకి మాయ తెలియదా? తెలుసు. వాళ్లకి తెలియంది అవతలివాడి కాగితం భాష. మనం చదువుకోవడానికి వచ్చింది ఆ భాష కోసమే. ఆటలో ఒకసారి ఉచ్చు పన్నేవాడి వైపు నిలబడి చూస్తే, ఏ మాట ఎందుకు అంటున్నాడో బయట కూడా పట్టుకోగలమని మా నమ్మకం.

అన్న భయంలో న్యాయం లేదని అనం. అబద్ధం గెలిచినప్పుడు వచ్చే కిక్కు నిజమైనదే, దానికి అలవాటు పడకూడదు. అందుకే ఆట అయ్యాక పది నిమిషాలు కూర్చుని, ఈరోజు ఎవరు ఎందుకు నమ్మారో మాట్లాడుకుంటున్నాం. నిజం చెప్పాలంటే, ఆటకంటే అదే బాగుంటోంది.

వచ్చే ఆదివారం ఇద్దరికి చోటుంది. ఒకటి అన్నకే. ఆయన కోసం ఇన్‌సైట్ +5 ఉన్న పూజారి పాత్ర రాసిపెట్టాం. మా మోసగాడిని పట్టుకోమనండి చూద్దాం.

జై ఆదివాసీ.