దాచుకోవడం సరే, ఎప్పటిదాకా?

ఆస్ట్రేలియాలో కోలగా ఉండే బంతితో ఆడే ఫుట్‌బాల్ ఒకటుంది. ఆ ఆట నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాదు గానీ, దాని మీద ఆడే కాగితం ఆట మాత్రం మెల్‌బోర్న్‌లో ఉండే మా అక్క కొడుకు పుణ్యమా అని బాగానే తలకెక్కింది. మొత్తం 18 జట్ల ఆటగాళ్ళలోంచి, ఇచ్చిన బడ్జెట్‌లో మన జట్టు కట్టుకోవాలి. వాళ్ళు మైదానంలో ఆడినదాన్ని బట్టి మనకు పాయింట్లు. మధ్యలో ఒకణ్ణి తీసి ఇంకొకణ్ణి తెచ్చుకుంటే అది ట్రేడ్. సూపర్‌కోచ్ అనే దాంట్లో ఆ ట్రేడ్లు సీజన్ మొత్తానికి ఇన్నే అని లెక్క.

డబ్బు పెట్టి ఆడేదాని సంగతి వేరు. దాన్ని మన తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో కేంద్రమూ చట్టం తెచ్చింది. మంచిపనే చేశారు. మావాడిది ఆఫీసువాళ్ళతో ఉత్తుత్తి పందెం.

అసలు కిటుకంతా కొత్త కుర్రాళ్ళ దగ్గరుంది. చవగ్గా దొరుకుతారు, మూడు మ్యాచ్‌లు ఆడాకే ధర కదులుతుంది. రెండు మ్యాచ్‌లు చూసి, మూడోదానికి ముందు కొని, ధర పెరిగాక అమ్మి, పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకోవాలి. పెయ్యదూడను కొని పాడికొచ్చాక అమ్మినట్టన్నమాట. ఇక్కడ దూకుడు లేనివాడు వెనకబడతాడు. అలాగని మొదట్లోనే ట్రేడ్లన్నీ ఊదేస్తే, జులైలో ఇద్దరికి దెబ్బలు తగిలినప్పుడు చేతులు ముడుచుకు కూర్చోవాలి. పోనీ చివరిదాకా దాచితే? ఆగస్టులో మిగిలిపోయిన ట్రేడు చిత్తుకాగితం. వచ్చే ఏడాదికి పనికిరాదు.

మన ముదిగొండ వైపు మిర్చి పండించే ఇళ్ళవాళ్ళకు ఇది కొత్తేం కాదు. కల్లంలోంచి నేరుగా ఖమ్మం మార్కెట్‌కి తోలాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అన్నది ఏటా ఉండే గొడవే. 2017 ఏప్రిల్‌లో ధర పడిపోయి రైతులు మార్కెట్ యార్డులో తిరగబడ్డ రోజు మీకూ గుర్తుండే ఉంటుంది. దాచినా అద్దె పెరుగుతుంది, కాయ రంగు తగ్గుతుంది. తెలిసినవాళ్ళు కొంత అమ్మి అప్పు తీర్చి, కొంత ఉంచుకుంటారు.

నాకు నచ్చనిదొకటుంది. మగవాళ్ళు ఆగితే ఓపిక, మనం ఆగితే భయం అంటారు. పోపులడబ్బాలో నోట్లు దాచేది భయంతో కాదు, జులై వస్తుందని తెలిసి. కాకపోతే మనలో చాలామందికి దాచడం వచ్చినంత బాగా తియ్యడం రాదు. బీరువాలో బంగారం అలాగే ఉంటుంది, పిల్ల కోరుకున్న కాలేజీలో సీటు మాత్రం వెళ్ళిపోతుంది. "పెళ్ళికి కావాలి కదా" అంటాం. ఆ పిల్లకి ఆగస్టు ఏదో మనమే తేల్చేస్తున్నాం.

మా ఇంట్లో ఇప్పుడు ఇదే వాదన. అమ్మాయికి హైదరాబాదులో సీటొచ్చింది, ఫీజుకి తక్కువపడింది. నాలుగు తులాల హారం తియ్యమని నేను, అప్పు చేద్దామని ఆయన. హారం మూడేళ్ళుగా బయటికే రాలేదు. నా చేతి గాజులు, చిట్టీ డబ్బు మాత్రం ముట్టనివ్వను, అవి జులైకి. ఫీజు కట్టడానికి సోమవారం ఆఖరు. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు, నేను శనివారం ఖమ్మం వెళ్తున్నాను.