పెరడంతా గచ్చు చేస్తే గ్రీన్‌హౌస్ అయిపోతుందా?

ఈమధ్య మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఓ కొత్త సరదా పట్టుకుంది. తెనాల్లోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో అమ్మానాన్నలుంటున్న ఇంటి పెరట్లో చిన్న గ్రీన్‌హౌస్ కట్టించడం. సరదా మంచిదే. నా గొడవల్లా దానికింద పోయిస్తున్న కాంక్రీటు గురించే.

యూట్యూబులో ఎవరో ఇంగ్లండు ఆసామి పదడుగులకి ఎనిమిదడుగులు, నాలుగంగుళాల మందాన స్లాబు పోస్తాడు. మనవాడు ఆ లింకు మేస్త్రికి వాట్సాప్ కొడతాడు. "ఎలాగూ మిల్లర్ వస్తోందిగా బాబూ, పెరడంతా పోసేద్దాం, బురదుండదు" అంటాడాయన. సరే అంటాం. పెరడు గోవిందా! ఆఫీసులో వంద ప్రశ్నలు అడిగితేగానీ ఒక లైను కోడు రాయం కదా, ఇక్కడ నేల ఎలాంటిదని ఒక్కమాట అడగమేం?

అసలు వాళ్ళు గ్రీన్‌హౌస్ కట్టుకునేది చలికి. మే నెల తెనాల్లో గాజుగది కడితే వంకాయ మొక్క మీదే కూరైపోతుంది. మనక్కావలసింది ఎండ తగ్గించే షేడ్ నెట్టు, గాలికి లేచిపోని స్తంభాలు.

ఇక నేల సంగతి. తెనాలిది నల్లనేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. దానిమీద పల్చటి స్లాబు పరిస్తే అదీ నెర్రెలిస్తుంది. ఇలాంటి నేలల్లో పునాదుల కోసమే రూర్కీ సీబీఆర్ఐ వాళ్ళు అండర్‌రీమ్డ్ పైల్స్ పద్ధతి తయారుచేశారు. బాపట్లది ఇసక. అక్కడ ఉప్పునీటి మీద మంచినీరు ఓ పొరలా తేలుతుంటుంది. దొరువుల్లో తోడుకునేది ఆ నీళ్ళే. ఇంటింటా గచ్చు చేసేస్తే ఆ పొరలోకి వాన ఎలా దిగుతుందండీ?

గాలి మాటో? 1977 నవంబరు 19 ఉప్పెన ముంచిన దివిసీమ రేపల్లెకి కృష్ణ అవతలొడ్డే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గరే. పల్చటి స్లాబుకి నాలుగు బోల్టులు కొట్టేసి నిలబెడతారా?

ఓ చిన్న లెక్క చూడండి. ఆ స్లాబుకి పట్టేది సుమారు 27 సీఎఫ్‌టీ కాంక్రీటు. అదే కాంక్రీటుతో ఒకటిన్నర అడుగుల చదరం, రెండడుగుల లోతు గుంటలు ఆరు నింపచ్చు. ఒక్కో దిమ్మ 300 కిలోలు! ఆరు స్తంభాలు వాటిలో పాతండి. 80 చదరపుటడుగుల్లో మూసుకుపోయేది పదమూడున్నరే. నల్లనేలలో దిమ్మలు కాస్త కదిలినా నెట్టుకేం కాదు. తుఫాను కబురొస్తే నెట్టు విప్పేయచ్చు.

"బురదలో అమ్మ జారిపడితే?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. నడవడానికి రెండడుగుల బాట వేయించండి, ఇసక మీద ఇటుకలు పరిచి. నాచు పట్టిన గచ్చు మీద ఇంకా బాగా జారతారు, అనుమానముంటే శ్రావణంలో నడిచి చూడండి.

ఆ పెరట్లో ఉండేది మనం కాదు. ఆ బోరు నీళ్ళు తోడుకునేదీ మనం కాదు. డబ్బు పంపాం కాబట్టి నిర్ణయం మనదే అనుకోవడం నాకు నచ్చట్లేదు. మేస్త్రికి లింకు పంపేముందు నాన్నగారికి ఫోన్ చేసి, పెరట్లో వాన నీళ్ళు ఎటు పోతాయో అడగండి. ఆయనకి తెలుసు.