నడచువారికి పటమున చోటు

ప్రాతఃకాలమున మన పాఠశాల ద్వారముకడ కొంచెముసేపు నిలిచి చూచినచో, నడచి వచ్చు బాలబాలికలును సైకిళ్లపై వచ్చువారును ఎందఱో కనబడుదురు. కాని వీరు నడచు సందులును, చెఱువుగట్లును, కాలిబాటలును సాధారణముగ పటములలో కానరావు. మోటారుబండ్లు పోవు దారులు మాత్రము స్పష్టముగ నుండును. పటమున లేని దారిని బాగుచేయవలెనని యెవరికి తోచును?

ఈ లోపమును తీర్చుటకు భౌగోళిక సమాచార విజ్ఞానము తోడ్పడగలదని మా యభిప్రాయము. ఇది దారులు, మిట్టపల్లములు, ఇండ్లు, బడులు మున్నగువానిని వేర్వేఱు పొరలుగ కంప్యూటరునం దుంచి, ఒకదానిపై నొకటి పేర్చి పరిశీలించును. ఒక బాలిక యిల్లు రైలుకట్ట కావల నున్నదనుకొందము. తిన్నగ గీత గీచి కొలిచిన బడి అరకిలోమీటరే. రైలుగేటు చుట్టి నడచునప్పటికి రెండు కిలోమీటర్లు కావచ్చును. ఒకటి మొదలు అయిదవ తరగతి వఱకు పిల్లలకు ఒక కిలోమీటరు నడకదూరమున బడి యుండవలెనని 2010 నాటి విద్యాహక్కు నియమములు చెప్పుచున్నవి. ఆ దూరమును గీతతో కొలువవలెనా, బిడ్డ యడుగులతో కొలువవలెనా?

ఇంగ్లాండు దేశమున 2017లో ప్రొపెన్సిటీ టు సైకిల్ టూల్ అను సాధనము వెలువడినది. 2011 జనాభా లెక్కలనుండి పనికి పోవువారి రాకపోకలను గ్రహించి, దూరమును, ఎత్తుపల్లములను గణించి, సైకిలుబాట యెచ్చట వేసిన నెక్కువమందికి మేలో అది పటముపై చూపును. పిమ్మట బడిపిల్లల ప్రయాణములను గూడ నందు చేర్చిరి. మన దేశమున 2011 లెక్కలలో సేద్యమును, గృహపరిశ్రమయు గాక యితర వృత్తులవారిని మాత్రమే పనికి పోవు దూరమును, వాహనమును గూర్చి యడిగిరి. బడికి పోవు పిల్లల నడుగలేదు.

పటములు గీచినంతమాత్రమున బాటలు పడునా యని కొంద ఱాక్షేపింపవచ్చును. పడవు, నిజమే. కాని వట్టి మొఱకంటె, ప్రమాదస్థలములను గుర్తించిన పటముతోడి విన్నపమునకు బలమెక్కువ.

2004లో నారంభమైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అను పటమున ఎవరైనను తమ యూరి దారులను చేర్చవచ్చును. మన భూగోళ తరగతివా రుపాధ్యాయులతో గూడి తాము నడచు దారులను చేర్చవలెను. కాలిబాట యెచ్చట తెగినదో, నీడ యెచ్చట లేదో, లారీలు మలుపు తిరుగుచోట దాటుట యెంత కష్టమో వేఱొక పటమున వ్రాసికొనవలెను. పిల్లల పేర్లను, ఇండ్లను మాత్రము ఏ పటమునను చూపరాదు, దారులు చాలును. ఆ రెండవ పటమును పురపాలక సంఘమువారికి సమర్పింపవలెను.

తలిదండ్రులారా! ఒక్కనాడు బండి నింటనే యుంచి, మీ బిడ్డ చేయి పట్టుకొని బడివఱకు నడచి చూడుడు. మేము గోరు పటమునకు అదియే మొదటి గీత.