ఆడవాళ్ల శ్రమ ఎవరి ‘వనరు’?

దేశాల మధ్య వ్యాపారం ఎందుకు జరుగుతుంది అని అడిగితే అర్థశాస్త్రం పాఠ్యపుస్తకాలు ఒక తేలికైన జవాబు చెబుతాయి. ఒక్కో దేశానికి ఒక్కో వనరు ఎక్కువ. ఒకరికి భూమి, ఒకరికి పెట్టుబడి, ఒకరికి మనుషులు. తన దగ్గర ఏది సమృద్ధిగా, చౌకగా ఉందో దానితో తయారయ్యే సరుకు అమ్ముకుని, మిగతావి కొనుక్కుంటే అందరికీ లాభమే. స్వీడన్ ఆర్థికవేత్తలు హెక్షర్ 1919లో, ఓలిన్ 1933లో ఈ వాదానికి రూపం ఇచ్చారు. ఓలిన్‌కు 1977లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఈ వాదం పూర్తిగా అబద్ధమని మనం అనడం లేదు. సౌదీ అరేబియా చమురు అమ్ముతున్నదంటే దాని నేల కింద చమురు ఉండబట్టే.

మన అభ్యంతరం మరోచోట ఉంది. భూమి, చమురు, బొగ్గు అని రాసిన వరసలోనే ‘చౌక శ్రమ’ అని కూడా రాసేస్తారు. నేలలో చమురు ఉన్నట్టే పేద దేశాల్లో తక్కువ కూలికి పనిచేసే ఆడవాళ్లు ‘ఉంటారట’! మనుషులు ఎక్కువమంది ఉండటం వేరు, వాళ్ల శ్రమ చౌకగా ఉండటం వేరు. రెండోదాన్ని ఎవరో తయారుచేయాలి.

బంగ్లాదేశ్‌నే తీసుకుందాం. అక్కడ పత్తి పండేది చాలా తక్కువ. పత్తీ నూలూ బయటినుంచి, మన దేశం నుంచి కూడా, వెళ్లాలి. అయినా ప్రపంచంలో దుస్తులు అత్యధికంగా ఎగుమతి చేసే దేశాల్లో అది ఒకటి. దాని ఎగుమతి ఆదాయంలో నూటికి 80 పాళ్లకు పైగా దుస్తుల నుంచే. ఇది వనరుల తేడా వల్ల దానంతటదే జరిగిపోలేదు. 1974లో ధనిక దేశాలు మల్టీ ఫైబర్ ఒప్పందం పేరుతో పేద దేశాల బట్టలకు కోటాలు పెట్టాయి. దక్షిణ కొరియా కోటా నిండిపోవడంతో దేవూ కంపెనీ కోటా లేని దేశం కోసం వెతికింది. బంగ్లాదేశ్‌లోని దేశ్ గార్మెంట్స్‌తో ఒప్పందం చేసుకుని, 1979లో 130 మందిని కొరియా తీసుకెళ్లి పని నేర్పింది. వాళ్లలో 115 మంది తర్వాత బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టుకోవడమో, వేరేచోట చేరడమో చేశారు. స్వేచ్ఛా వాణిజ్యం గురించి మనకు పాఠాలు చెప్పేవాళ్లు, పేద దేశం గెలవగలిగిన ఒక్క రంగంలో 30 ఏళ్లపాటు అడ్డుగోడ కట్టుకుని కూర్చున్నారు. ఆ కోటాలు పూర్తిగా పోయింది 2005 జనవరి 1న.

ఇక మిషన్ల ముందు కూర్చున్నదెవరు? పల్లెల నుంచి వచ్చిన లక్షలాది స్త్రీలు. వాళ్లనే ఎందుకు తీసుకున్నారంటే, ఆడవాళ్ల వేళ్లు చురుకైనవి, ఓపిక ఎక్కువ అన్నారు. 1981లోనే డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ ఈ మాట గుట్టు విప్పారు. ఆ చురుకుదనం పుట్టుకతో వచ్చింది కాదు. చిన్నప్పటినుంచీ అమ్మ పక్కన కూర్చుని కుట్టూ అల్లికా నేర్చుకుంటే వచ్చింది. ఇంట్లో నేర్చుకున్నది కాబట్టి దాన్ని నైపుణ్యం అనరు, నైపుణ్యం కాదు కాబట్టి దానికి జీతం ఉండదు. మగవాడు ఐటీఐలో నేర్చుకుంటే అది అర్హత! దీనికి తోడు ఇంటి చాకిరి. ఊళ్లో తల్లో అత్తో పిల్లల్ని ఊరికే పెంచిపెడుతుంటే, ఆ పెంపకం ఖర్చు జీతంలో కలపనక్కర్లేదు కదా. పితృస్వామ్యం ఇచ్చే ఈ సబ్సిడీ ఏ వాణిజ్య లెక్కల్లోనూ కనిపించదు.

వాణిజ్యం పెరిగితే శ్రామికులు ఎక్కువగా ఉన్న దేశంలో కూలి రేట్లు పెరుగుతాయని కూడా ఈ సిద్ధాంతం చెబుతుంది. బంగ్లాదేశ్‌లో దుస్తుల పనికి కనీస వేతనం 2010లో నెలకు 3,000 టాకాలు. 2013 ఏప్రిల్ 24న సావర్‌లో రాణా ప్లాజా కూలింది. ముందురోజే గోడలు పగుళ్లిచ్చాయి. కింద అంతస్తులో ఉన్న బ్యాంకు తన ఉద్యోగులను రావద్దంది. కుట్టుపని వాళ్లను మాత్రం లోపలికి తోలారు. 1,100 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది స్త్రీలే. ఆ తర్వాతే వేతనం 5,300 అయింది. 2018లో 8,000. 2023లో 23,000 కావాలని రోడ్డెక్కితే, ఆ ఆందోళనలో కార్మికుల ప్రాణాలు కూడా పోయాక, దక్కింది 12,500. ఎగుమతులు పెరిగినంత మాత్రాన జీతం పెరగలేదు.

అలాగని ఆ ఫ్యాక్టరీలు మూసేయమని గానీ, ఆ బట్టలు కొనవద్దని గానీ అనడం సరికాదు. పట్నాల్లో కూర్చుని బహిష్కరణ పిలుపులిచ్చేవాళ్లకు అక్కడి స్త్రీలే జవాబు చెప్పారు. ఆ ఉద్యోగాలు వాళ్ల చేతికి మొదటిసారి సొంత డబ్బు ఇచ్చాయని, ఇంట్లో మాటకు కాస్త విలువ తెచ్చాయని నైలా కబీర్ వంటి స్త్రీవాద పరిశోధకులు వివరంగా రాశారు. వాళ్లకు కావలసింది పని పోవడం కాదు, పనికి తగిన వేతనం, కూలిపోని కప్పు.

ఈ విషయం మనకు దూరపుది కాదు. తనే దుస్తులు ఎగుమతి చేసే శ్రీలంక నుంచి బ్రాండిక్స్ కంపెనీ వచ్చి విశాఖ దగ్గర అచ్యుతాపురంలో సెజ్ పెట్టింది. అక్కడ పనిచేసేదీ ఎక్కువగా ఆడపిల్లలే. 2022లో జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి ఆ సెజ్‌లో విషవాయువు వ్యాపించి వందలాది మంది ఆస్పత్రుల పాలయ్యారు. 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం పెట్టుబడులు రప్పించడానికని రోజు పని గంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. ‘వనరు’ తయారయ్యేది ఇలాగే, చట్టం సవరణతో.

పనిచోట మనం సంఘం మాట ఎత్తగానే వినిపించే మాట ఒకటే: “జీతం పెంచమంటే కంపెనీ ఇంకో దేశం పోతుంది.” ఇది ఉత్త బెదిరింపు అని కొట్టిపారేయలేం, కంపెనీలు నిజంగానే పోతాయి. అచ్యుతాపురం వాళ్లకు ఢాకాను చూపిస్తారు, ఢాకా వాళ్లకు ఇంకో ఊరిని చూపిస్తారు. ఒక్క దేశంలో పోరాడితే సరిపోనిది ఇందుకే. ఆసియా దేశాల కార్మిక సంఘాలు కలిసి ఆసియా ఫ్లోర్ వేజ్ కూటమిగా ఏర్పడి, ఇన్ని దేశాలకూ వర్తించే కనీస జీవన వేతనాన్ని లెక్కగట్టడం మొదలుపెట్టాయి. మన మహిళా సంఘాల్లో ఈ లెక్క గురించి తెలిసినవాళ్లు తక్కువ. అచ్యుతాపురం కార్మికురాలి జీతం కాగితాన్నీ, గాజీపూర్ కార్మికురాలి జీతం కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూసే పని కొనుగోలు కంపెనీలు ఎప్పటినుంచో చేస్తున్నాయి. వచ్చే మే డే సభల్లోనైనా ఆ రెండు కాగితాలూ మన ముందు ఉండాలి.